మూడుసార్లు పలికిన గొంతు

సోమవారం పొద్దున బస్ స్టేషన్‌లో జరిగిన గందరగోళం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. నలభయ్యో నంబరు బస్సు అయిదో ప్లాట్‌ఫాం నుంచి ఆరుకి మారిందని మైకు చెప్పింది. జనం సామాన్లు ఎత్తుకుని ఆరుకి పరుగెత్తారు. వాళ్ళు చేరేలోగా ఏడు అంది. ఏడుకి మళ్ళేసరికి ఎనిమిది అంది. బస్సేమో నింపాదిగా వచ్చి ఆరులో నిలబడింది. ఆ తోపులాటలో బట్టలు కుట్టుకుని బతికే ఒక పెద్దావిడ కిందపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది.

మైకులో పలికిన గొంతు బుల్లి బావది. పుట్టినప్పటి నుంచీ చూపు లేని ఆ మనిషి పదిహేనేళ్ళుగా ఆ స్టేషన్‌కి అనౌన్సరు. అక్కడ అందరూ ఆయన్ని గొంతుగారు అనే పిలుస్తారు. "నేను చెప్పింది ఒక్కసారే" అన్నాడు బావ. కంప్యూటరు రాసుకున్న చిట్టాలో మాత్రం రెండు నిమిషాల్లో ఒకే మాట మూడు వరసల్లో ఉంది. ఆ కంప్యూటరుకి మాటలు నేర్పింది స్వయానా ఆయన మరదలు బుల్లి. బుధవారం పదింటికి విచారణ. తప్పు రుజువైతే బావని మైకు దగ్గర్నుంచి తీసేస్తారు.

ఆ బుధవారం రానే వచ్చింది.

ఈ రెండు రోజులూ అక్క, అంటే బావ భార్య, బుల్లితో మాట్లాడలేదు. చెప్పాల్సినవన్నీ గోడకి చెప్పింది. "భోజనం వడ్డించాను, తినేవాళ్ళు తినొచ్చు" అని గోడకి. "తువ్వాలు బాల్కనీలో ఆరేశాను" అని గోడకి. పొద్దున బావ గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే, వంటింటి గోడ మళ్ళీ వినాల్సి వచ్చింది.

"పదిహేనేళ్ళలో మా ఆయన ఒక్క మాట పడలేదు. నాలుగు నెలల కిందట ఒకావిడ వచ్చి కంప్యూటరు పెట్టింది. అంతే."

ఆ ఒకావిడ బుల్లే. ఊరుకునే మనిషి కాదు.

"గోడా, ఆ ఒకావిడ తను కంప్యూటరుకి రాసిన తొంభై వరసల్నీ ఈ రెండు రోజుల్లో వందసార్లు చదివిందని చెప్పు. ఒక్క తప్పూ దొరకలేదని కూడా చెప్పు."

"దొరకనప్పుడు నా మొగుడే తప్పు చేశాడన్నమాట" అంది అక్క, ఈసారి గోడని మధ్యలో పెట్టకుండా.

 అదే కదా రెండు రోజులుగా బుల్లిని తినేస్తున్నది. తన రాతలో తప్పు లేకపోతే బావ అబద్ధమాడి ఉండాలి. బావ అబద్ధమాడడు. మరి?

"ఇవాళ గోడకి పని ఎక్కువైంది, పాపం" అంటూ బావ లేచి, మరదలి మోచెయ్యి పట్టుకున్నాడు. "పద బుల్లీ. ఆలస్యంగా వెళ్ళి అదో తప్పు మూటగట్టుకోవడం ఎందుకు?"

దారి పొడుగునా బుల్లి తన తొంభై వరసల్నీ మనసులో మళ్ళీ తిరగేసింది. అసలు ఇదంతా మొదలైంది మంచికే. ఒకప్పుడు ఒక గుమస్తా పక్కన కూర్చుని చీటీలు చదివితే బావ మైకులో చెప్పేవాడు. గుమస్తా రిటైరయ్యాడు. ఆ స్థానంలో పైఆఫీసు వాళ్ళు వేలితో తాకే అద్దపు తెర ఒకటి పంపారు. చూపున్నవాళ్ళకి అది ముద్దొచ్చే వస్తువు. బావకి మాత్రం ఉత్త నున్నటి పలక. "ఏది ఎక్కడుందో తెలీని దాన్ని నిమురుతూ కూర్చోనా?" అని ఆయన నవ్వేసినా, ఆ నవ్వు బుల్లికి గుచ్చుకుంది. ఒక చిన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేసే ఆమె, నాలుగు ఆదివారాలు కూర్చుని, బొమ్మలూ గుండీలూ ఏవీ లేని నల్ల తెర తయారుచేసింది. "చెప్పండి" అంటుంది అది. మాట కొడితే వింటుంది, పని చేస్తుంది, మళ్ళీ "చెప్పండి" అంటుంది. తెర మీదిదంతా బావ చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోనులో వినిపిస్తుంది. "పలుకు 40" అని కొడితే చాలు, ముందే రికార్డు చేసి పెట్టిన బావ గొంతు ముక్కల్ని ఏరి, అతికి, హాలు మైకుల్లో వినిపిస్తుంది.

అంతా మొదట్నుంచీ రాయాల్సిన అవసరం కూడా రాలేదు. ఇలాంటి పనికి ఎవరో మహానుభావులు ముందే కట్టి పెట్టిన చట్రం ఉంది. అడగడం, వినడం, మాటని విడదీయడం, ఏ మాటకి ఏ పనో వెతికిపట్టడం అంతా చట్రమే చూసుకుంటుంది. మాట పేరు పెట్టి, దాని కింద ఏం చెయ్యాలో నాలుగు వరసలు రాసిస్తే చాలు, అది కొత్త మాట నేర్చేసుకుంటుంది. పలుకు, ఎక్కడ, ఆపు. నాలుగు నెలలు ఆ మూడు మాటల మీదే బండి హాయిగా నడిచింది. పోయిన శుక్రవారం బుల్లి నాలుగోది నేర్పింది. "జరుపు 40" అంటే నలభయ్యో నంబరుని పక్క ప్లాట్‌ఫాంకి జరిపి, ఆ మార్పుని మైకుల్లో చెప్పడం.

సోమవారం కొంప ముంచింది ఆ మాటే.

*

అనౌన్సరు గది ఇద్దరు కూర్చునే గది. అందులో ఇప్పుడు అయిదుగురున్నారు. పైఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరమ్మ కళ్ళద్దాలు ముక్కు కొసన పెట్టుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కిటికీ గట్టు మీదే కూర్చుంది. ఉన్న రెండో కుర్చీలో కుడిచేతికి పిండికట్టుతో కుట్టుపని పెద్దావిడ. తలుపుకి ఆనుకుని స్టేషన్ మేనేజరు, మూడు నిమిషాలకోసారి మెడ తుడుచుకుంటూ. గాజు గోడకి అవతల హాల్లో ఒక కండక్టరు గొట్టం మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. ఒక్క ముక్కా లోపలికి వినపడదు. బయటి గోల మైకులో పడకుండా కట్టిన గది కదా అది.

"ఈ విచారణలో దెబ్బ తగిలినవాళ్ళు కూడా ఉండాలన్నాను. అందుకే ఈవిణ్ణి పిలిపించాను" అంది ఆఫీసరమ్మ. "అమ్మా, మీరేమైనా అడగాలా?"

పెద్దావిడ బావ వంక చూసింది. "ఏం అడగను? ఈ గొంతుని నమ్మి పదేళ్ళుగా బస్సులెక్కుతున్నా. అది చెప్పిన చోటికి కళ్ళు మూసుకుని వెళ్తా. మొన్నా అలాగే వెళ్ళా. చెయ్యి విరిగింది. ఆరు వారాలు సూది పట్టుకోకూడదన్నారు. ఎందుకిలా జరిగిందో తెలిస్తే చాలు నాకు."

బావ తల దించుకున్నాడు. "అమ్మా, ఆ గొంతు నాదే. మూడుసార్లు నా గొంతే పలికింది. కానీ నేను పలికింది ఒక్కసారే."

"భలే చెప్పారు" అన్నాడు మేనేజరు. "చిట్టా అబద్ధం చెప్తుందా? మేడమ్, నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా. పైఆఫీసు పంపిన అద్దం తెర ఉండగా ఈ ఇంట్లో వండిన సరుకు ఎందుకూ అని. ఈ అమ్మాయి నా మాట వింటే కదా!"

బుల్లి నోరు తెరిచింది. ఈ మనిషే కదా మొదటిరోజు భుజం తట్టి, స్వీట్లు పంచిపెట్టింది! బావ ఆమె చెయ్యి నొక్కాడు. ఇప్పుడు కాదు అని దానర్థం.

ఆఫీసరమ్మ పెన్సిలు తీసింది. "వాదనలు తర్వాత. హాలు మైకుల స్విచ్చి ఆపేసి ఉందా? సరే. హెడ్‌ఫోను తీగ లాగెయ్యండి, దాని మాటలు అందరం వినాలి. గొంతుగారూ, సోమవారం ఏం చేశారో అచ్చం అలాగే చెయ్యండి. ఒక్క కదలిక కూడా వదలొద్దు."

బావ కుర్చీలో సర్దుకున్నాడు. తీగ లేకపోయినా అలవాటు కొద్దీ హెడ్‌ఫోను తలకి తగిలించుకున్నాడు. కంప్యూటరు ఆన్ చేశాడు.

"చెప్పండి" అంది కంప్యూటరు బల్ల మీది చిన్న స్పీకర్లోంచి.

"మొదట ఫోను వచ్చింది. అయిదులో బస్సు చెడిపోయింది, నలభైని ఒక ప్లాట్‌ఫాం పక్కకి జరపమన్నారు."

"ఎవరు?"

"కంట్రోలు రూము నంబరు నుంచే వచ్చింది" అన్నాడు బావ. ఆ మాట అనేముందు ఆయన ఒక క్షణం తడబడ్డాడు. మేనేజరు ఎందుకో దగ్గాడు. ఆఫీసరమ్మ ఏదో రాసుకుంది. "తర్వాత?"

"జరుపు 40 అని కొట్టాను." ఆయన వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి.

"సరే. చెప్పండి" అంది కంప్యూటరు.

"అంతలో మళ్ళీ ఫోను మోగింది. హెడ్‌ఫోను తీసి మాట్లాడాను. ఎవరో ఆఖరి బస్సు టైము అడిగారు. పెట్టేశాను. హెడ్‌ఫోను మళ్ళీ పెట్టుకున్నాను."

ఆయన చెబుతూనే అన్నీ చేసి చూపిస్తున్నాడు. తీశాడు, పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ, చూసేవాళ్ళు తెర వంక ఒకసారి కళ్ళు తిప్పినంత తేలిగ్గా, కుడిచేతి చిటికెన వేలితో ఎంటర్ తట్టాడు.

"సరే. చెప్పండి."

"తర్వాత మళ్ళీ మోగింది. అదీ అంతే, రాంగ్ నంబరు." తీశాడు, పెట్టుకున్నాడు, తట్టాడు.

"సరే. చెప్పండి."

"అంతేనండీ. నేను కొట్టింది ఒక్కసారే. అందరూ విన్నారుగా."

అందరూ విన్నారు. కానీ బుల్లి చూపు తెర మీద ఉంది. తెర మీద నలభయ్యో నంబరు ఎదురుగా ఎనిమిది అని ఉంది!

"బావా!" ఆమె వేసిన కేకకి ఆఫీసరమ్మ పెన్సిలు ఎగిరి కిందపడింది. "దొరికింది! బావా, దొరికింది! నువ్వు ఎంటర్ ఎందుకు తట్టావు?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే! హెడ్‌ఫోను పెట్టుకోగానే! రెండుసార్లు తట్టావు!"

బావ మొహంలో నిజమైన ఆశ్చర్యం. "తట్టానా? ఓ, అదా. అది బతికే ఉందా లేదా అని. మీరు తెర వంక చూసుకుంటారు కదా, నేను తట్టి చూసుకుంటా. తడితే పలుకుతుంది. ఉన్నానంటుంది. నేనేమీ చెప్పలేదుగా? ఖాళీ ఎంటరేగా?"

"ఖాళీ ఎంటరే! అదే!" బుల్లికి కూర్చోవడానికి చోటు లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే కుర్చీ మీద ఎక్కి గంతేసేదే. "నా తొంభై వరసల్లో వెతికితే ఎలా దొరుకుతుంది? అది నా వరసల్లో లేదు, చట్రంలో ఉంది! ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఏం చెయ్యాలో నేను రాయలేదు. నేను రాయకపోతే చట్రం తనకి తెలిసింది చేస్తుంది. దానికి తెలిసింది ఏంటంటే, ఇంతకుముందు చెప్పిన పనే మళ్ళీ చెయ్యడం!"

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదని ఆమెకి ఒక క్షణం తర్వాత తెలిసింది.

"అమ్మాయ్" అంది కుట్టుపని పెద్దావిడ మెల్లగా. "చట్రం అంటే కాగితం అచ్చు లాంటిదా? చొక్కాకి కొలతలన్నీ ముందే కత్తిరించి పెట్టుకున్న అచ్చు ఉంటుంది. గుడ్డ మీద పరిచి కోసుకుంటాం. ఏ చొక్కాకైనా అదే అచ్చు."

"అదే అమ్మా! సరిగ్గా అదే!"

"మరి ఆ అచ్చులో జేబు కూడా ఉందనుకో. నీకు జేబు వద్దు. వద్దని నువ్వు గుర్తుపెట్టుకుని తీసెయ్యకపోతే, కుట్టేవాడు జేబు కుట్టేస్తాడు."

బుల్లి ఆవిడ వంక గుడ్లప్పగించి చూసింది. ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు చదువు చెప్పినవాళ్ళెవరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

"ఆ జేబే మీ చెయ్యి విరగ్గొట్టిందమ్మా" అంది. అన్నాక ఆ మాట ఆమెకే తగిలింది.  దొరికిన తప్పు ఎవరిదో ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆమె ఆఫీసరమ్మ వైపు తిరిగింది. "మేడమ్, రాసుకోండి. తప్పు మా బావది కాదు. అచ్చు కత్తిరించినవాళ్ళదీ కాదు. ఖాళీ ఎంటర్ కొడితే పాత పని మళ్ళీ జరుగుతుందని వాళ్ళు పుస్తకంలో రాసే పెట్టారు. నేనే చదవలేదు. పైగా జరుపు అన్నదానికి జవాబు ఎక్కణ్ణుంచి ఎక్కడికి జరిగిందో చెప్పకుండా ఉత్త 'సరే' అని పెట్టాను. మూడోసారి 'సరే' అన్నప్పుడు బావకి ఎలా తెలుస్తుంది? తప్పు నాది. అమ్మా, మిమ్మల్ని కిందపడేసింది నేను."

 పెద్దావిడ పిండికట్టు మీద ఎడమచెయ్యి వేసి, దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ సందులో మేనేజరు అందుకున్నాడు. "విన్నారుగా మేడమ్! తనే ఒప్పుకుంది. ఇదంతా ఊహ అయినా కావచ్చు, బావని కాపాడుకోడానికి. నాలుగు నెలలుగా లేనిది సోమవారమే ఎందుకొచ్చిందట?"

అది మంచి ప్రశ్న. బుల్లి తడుముకుంది. ఖాళీ ఎంటర్ బావ రోజూ తట్టేవాడే. మరి రోజూ ఏం జరగాలి? రోజూ ఆఖరి మాటే మళ్ళీ...

"చిట్టా!" అంది. "పాత చిట్టా తియ్యండి. ఏ రోజుదైనా సరే."

ఆఫీసరమ్మ ఫైలు తిప్పింది. ముక్కు కొసనున్న కళ్ళద్దాలు పైకి తోసుకుంది. ఒక కాగితం, ఇంకో కాగితం. "పలుకు 12. పలుకు 12. పలుకు 7. పలుకు 7. పలుకు 7." ఆవిడ గొంతు మారింది. "అన్నీ రెండేసి, మూడేసి ఉన్నాయే!"

"నేనెప్పుడూ ఒక్కసారే కొట్టాను మేడమ్" అన్నాడు బావ.

"అవును, తడితే మళ్ళీ పలికేది! అదే మాట రెండోసారి వినపడితే ఎవరికి నష్టం? చెవిటివాళ్ళు కూడా సంతోషించి ఉంటారు. కానీ జరుపు అలా కాదు. ఒకసారి జరిపితే ఆరు, ఇంకోసారి జరిపితే ఏడు! ఆ మాట నేను నేర్పింది శుక్రవారం. బావ దాన్ని మొదటిసారి వాడింది సోమవారం!"

ఆఫీసరమ్మ ఇంకో కాగితం బయటికి లాగింది. అది మేనేజరు వైపు తిప్పి, తాపీగా చదివింది. "ప్రయాణికుల సౌకర్యార్థం ప్రతి ప్రకటననూ రెండేసి సార్లు వినిపించే కొత్త పద్ధతిని నా స్వంత ఆలోచనతో, నా పర్యవేక్షణలో ప్రవేశపెట్టితినని మనవి. ఈ సంతకం మీదేనా?"

మేనేజరు ఈసారి మెడతో పాటు నుదురు కూడా తుడుచుకున్నాడు.

బావకి నవ్వు ఆగలేదు. పిల్లికూనలా మొదలై, పొట్ట పట్టుకునేదాకా వచ్చింది. పెద్దావిడ కూడా పెదవి బిగబట్టి అటు తిరిగింది. నవ్వు అణుచుకున్నాక బుల్లితో అంది. "క్షమాపణ సరే, తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవడం నేను పెద్దగా చూళ్ళేదు కాబట్టి సంతోషమే. కానీ రేపు నాలాంటిది ఇంకొకతి పడదని ఏంటి నమ్మకం?"

"రెండు నిమిషాలివ్వండి."

బావ లేచి కుర్చీ ఇచ్చాడు. బుల్లి వేళ్ళు విరుచుకుని కూర్చుంది. ఖాళీ ఎంటర్ కొడితే ఏం చెయ్యాలన్న చోట చట్రం మాట పక్కన పెట్టి, తన మాట రాసింది. రెండే వరసలు. ఏ పనీ చెయ్యకు, ఉన్నానని చెప్పు. తర్వాత జరుపు కింద ఆ ముదనష్టపు 'సరే' కొట్టేసి, ఎక్కణ్ణుంచి ఎక్కడికో పూర్తిగా చెప్పమని రాసింది. మార్చిన ఆ వరసల్ని చివర్లో మళ్ళీ ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. పొద్దున అక్క మొహం గుర్తొచ్చి మూడోసారి కూడా చదివింది.

నలభైని తిరిగి అయిదులో పెట్టి, "జరుపు 40" అని కొట్టింది.

"నలభై, అయిదు నుంచి ఆరుకి జరిగింది. చెప్పండి."

"అమ్మా, ఇప్పుడు మీరు నొక్కండి. ఈ పెద్ద మీట."

పెద్దావిడ ఎడమచేతి చూపుడువేలు చాచి, వేడి ఇస్త్రీపెట్టెని పరీక్షించినట్టు, టక్కున తాకి తీసేసింది.

"ఇక్కడే ఉన్నాను. చెప్పండి."

తెర మీద ఆరు ఆరుగానే ఉంది. ఆవిడకి నమ్మకం చాలలేదు. మళ్ళీ నొక్కింది. వరసపెట్టి నొక్కింది. కంప్యూటరు విసుక్కోకుండా ప్రతిసారీ ఇక్కడే ఉన్నానంది. తొమ్మిదోసారికి ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నయం, మా కోడలి కంటే ఓపికుంది దీనికి" అంది. గది గదంతా ఘొల్లుమంది, మేనేజరు తప్ప.

ఆఫీసరమ్మ గడియారం చూసుకుంది. "పదకొండింటి బండికి ఆరు నిమిషాలుంది. బయట ఆ కండక్టరు గొంతు పోయేలా ఉంది. మిగతా విచారణ తర్వాత చూద్దాం. గొంతుగారూ, హాలు స్విచ్చి వెయ్యండి. మీ పని మీరు చేసుకోండి."

బావ చెయ్యి గోడ వెంట వెళ్ళి స్విచ్చి పైకెత్తింది. "పలుకు 18" అని కొట్టాడు. గాజు గోడకి అవతల వందల తలలు ఒక్కసారిగా పైకి లేచాయి. రెండు రోజులుగా వినపడని గొంతు వినపడింది మరి. ఎవరో చప్పట్లు కొట్టారు, పక్కవాళ్ళూ అందుకున్నారు. గొట్టం మైకు కండక్టరు చేతులు రెండూ పైకెత్తి దండం పెట్టాడు. ఇదంతా బుల్లి ఒక్కొక్కటే బావ చెవిలో చెబుతుంటే, ఆయన మెడ చుట్టూ ఎర్రబడింది.

"ఇంకా ఏం వచ్చు దీనికి?" అంది పెద్దావిడ. ఆవిడకి కంప్యూటరు మీద మనసైనట్టుంది.

"అదే చెప్తుందమ్మా. సాయం అని కొడితే తనకొచ్చిన మాటలన్నీ అప్పజెబుతుంది. అది కూడా చట్రం ఇచ్చిందే. నేను ఒక్కో మాటకి ఒక్కో వాక్యం వివరణ రాస్తా, అది చదివి పెడుతుంది." బుల్లి కొట్టింది.

"వివరణ ఉన్న మాటలు. ఆపు. ఎక్కడ. జరుపు. పలుకు. సాయం." కంప్యూటరు ఊపిరి తీసుకున్నట్టు ఆగింది. "వివరణ లేని మాటలు. సెలవు."

బుల్లి భృకుటి ముడిపడింది. వివరణ రాయకుండా ఆమె ఏ మాటా వదలదు. అసలు సెలవు అన్న మాట ఆమె ఎప్పుడూ నేర్పలేదు.

"ఇదెవరు పెట్టారు?"

 బావ హెడ్‌ఫోను తీగని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు.

"బావా! నువ్వా?"

"నిన్న మధ్యాహ్నం నా సామాను తీసుకెళ్ళమంటే వచ్చాను కదా. అప్పుడు. నువ్వేగా రోజూ చెవినిల్లు కట్టుకుని చెప్పేదానివి, మాట పేరు పెట్టి కింద పని రాస్తే చాలని."

"నువ్వు రాశావా? నువ్వు ప్రోగ్రామ్ రాశావా? తప్పుల్లేకుండా?"

"పదకొండు తప్పులొచ్చాయి. పన్నెండోసారి నడిచింది."

బుల్లికి ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఏ మేష్టారూ లేకుండా, తను వాగిన వాగుడే పాఠంగా, ఆ మనిషి చెవులతోనే చదివి, చెవులతోనే తప్పులు దిద్దుకుని, కంప్యూటరుకి ఒక కొత్త మాట నేర్పాడు! అక్కకి ఫోను చెయ్యాలి, గోడకి చెయ్యాలి, ఊరందరికీ చెయ్యాలి. ఆ ఉబ్బరంలో, మాట కనబడితే అది నడుస్తుందో లేదో చూడకుండా ఉండలేని తన పాత జబ్బు కొద్దీ, ఆమె వేళ్ళు వాటంతటవే కదిలాయి. సెలవు. ఎంటర్.

"బుల్లీ, వద్దు! హాలు స్విచ్చి..."

అప్పటికే ఆలస్యమైపోయింది. స్టేషన్‌లో ఉన్న పద్దెనిమిది మైకుల్లోంచీ, బల్ల మీది చిన్న స్పీకర్లోంచీ ఒకేసారి బావ గొంతు లేచింది. ముక్కలు అతికిన గొంతు కాదు. నిండు గొంతు.

"ప్రయాణికులకు నమస్కారం. పదిహేనేళ్ళుగా మీకు దారి చెప్పిన మనిషిని మాట్లాడుతున్నాను. మిమ్మల్ని తప్పుదారి పట్టించినందుకు ఇవాళ్టితో సెలవు తీసుకుంటున్నాను. వెళ్ళేముందు ఒక్క నిజం చెప్పి వెళ్తాను. సోమవారం అయిదో ప్లాట్‌ఫాంలో ఏ బస్సూ చెడిపోలేదు. వర్క్‌షాపులో అందరినీ అడిగి తెలుసుకున్నాను. నలభయ్యో నంబరుని అక్కణ్ణుంచి జరపాల్సిన అవసరమే లేదు. అయినా జరపమని నాకు ఫోను వచ్చింది. కంట్రోలు రూము నంబరే కానీ, మాట్లాడింది అక్కడి మనిషి కాదు. నాకు కళ్ళు లేవేమో గానీ, ఒకసారి విన్న గొంతు ఎవరిదో మరిచిపోను. ఆ గొంతు..."

గాజు గోడకి అవతల హాలంతా కొయ్యబారిపోయింది. ఆఫీసరమ్మ కిటికీ గట్టు మీంచి దిగింది.

గోడ మీది స్విచ్చి కోసం రెండు చేతులు ఒకేసారి చాచుకున్నాయి. ఒకటి మేనేజరుది. రెండోది, ఆపడానికో, ఆపనివ్వకపోవడానికో తెలియకుండా, బావది.

బావ చెయ్యే ముందు చేరింది. స్విచ్చి మీద అరచెయ్యి పరిచి, మేనేజరు వేళ్ళకి అందకుండా దాన్ని కప్పేసింది.